ఎండ తగలకూడని చేయి

మార్చి 2, 2007
హైదరాబాదు నుంచి ఇప్పుడే తాండూరులో దిగాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎడమ చేతిని కొంగులో చుట్టుకుని నడిచాను. డాక్టరమ్మ మాట — ఎండకు కమిలిన చర్మం మీద పచ్చబొట్టు తీసే లేజర్ పెడితే కాలి మచ్చ పడుతుందట. నాలుగు వారాలు నీడలో ఉంచాలి. రుద్దకూడదు, పసర్లు పూయకూడదు. చీటీ రాసిచ్చింది. ముప్పయ్యో తారీఖున రమ్మంది.
ఆరేళ్ళు మోశాను వాడి పేరు. ఇంకో నాలుగు వారాలు మోయలేనా.

మార్చి 3
ఇంటామె రహీంబీ మణికట్టు దాకా చేతులున్న రవిక కుట్టిచ్చింది. నల్లజీడి రసం పూస్తే ఒక్క దినంల పచ్చబొట్టు పోతదంది. పోతుంది, తోలుతో సహా. వద్దన్నాను.

మార్చి 9
పెళ్ళయిన ఏడాది సంగతి. జాతరలో పచ్చబొట్లామె ముందు నా మొగుడు నర్సింలు నా చేయి మోకాలి కింద తొక్కిపట్టి పొడిపించాడు. "ఇగ ఎవడు చూసినా నా పేరే సదువుతడు." నవ్వాడు. ఆ నవ్వును చెప్పుతో కొట్టాలని ఉంది, ఇప్పటికీ.

మార్చి 18
కమిలిన రంగు తగ్గింది. యాలాల్‌లో నేను పాఠాలు చెప్పే బడికి గొడుగుతోనే వెళ్తున్నాను. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ.

మార్చి 21
బస్టాండులో నర్సింలు పట్టుకున్నాడు. నేను వాణ్ణి వదిలొచ్చిన వికారాబాద్ నుంచి నాకోసమే వచ్చాడట. రవిక చేయి భుజం దాకా చింపాడు. "నా పేరు దాస్తున్నవా?" వేలు కొరికాను. రక్తం ఉప్పగా తగిలింది. వదిలాడు... సంచి మాత్రం లాక్కుపోయాడు. చీటీ అందులోనే ఉంది.

మార్చి 28
చీటీ చదివాడు. మిట్టమధ్యాహ్నం వచ్చాడు, రహీంబీ ఇంట్లో లేదు. వాకిట్లో నాపరాళ్ళు పెనంలా కాలుతున్నాయి. నా చేయి వాటి మీద పెట్టి తొక్కాడు — మళ్ళీ అదే మోకాలు. చీటీ చూస్తూ, ఒక్కొక్కటే. "ఎండ తగలొద్దంట. తగలనీ. రుద్దొద్దంట..." ఇసుక తీసి రుద్దాడు.
అరవలేదని రాద్దామనుకున్నాను. అరిచాను. వాడకట్టంతా విన్నది. ఎవరూ రాలేదు.
పోతూ అన్నాడు, "ఎల్లుండి వస్త. తోల్కపోత."

మార్చి 29
బొబ్బలు. తోలు ఊడింది, పేరు ఊడలేదు. రహీంబీ తడిబట్ట వేస్తూ ఏడ్చింది. వాడకట్టు పెద్దాయనేమో మొగుడు పెండ్లాల లొల్లి అన్నాడు. రేపటి ప్రయాణం లేదు. చేయి మానాలి, మళ్ళీ నాలుగు వారాలు మొదటి నుంచి.

మార్చి 30
రహీంబీని బంట్వారంలో చెల్లెలింటికి పంపాను. తలుపు గడియ పెట్టలేదు. పక్కన రహీంబీ మొగుడు బతికున్నప్పుడు బండలు కొట్టిన సుత్తె. వాకిట్లో చెప్పుల చప్పుడు...
పేరున్నది ఎడమ చేతి మీద. కుడిచేయి బాగానే ఉంది.