ఇరవై మూడు చింతగింజలు

నేపర్‌విల్,
ఫిబ్రవరి 20, 2025.

చిరంజీవి దివాకర్‌ని శేషగిరి బాబాయ్ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా బీపీ తప్ప. మీ ఇంట్లోనూ అందరూ బాగుండాలి, నువ్వు తప్ప.

ముందు మూత సంగతి. గోంగూర పచ్చడి సీసా తిరిగి పంపావు, సంతోషం. దాని మీద ఎవరి మూత పెట్టావయ్యా? అరగంట తిప్పాను. తిరుగుతూనే ఉంది గాని బిగుసుకోదు, మీటింగుల్లో నీ మాటల్లాగే.

ఇక అసలు సంగతి. మన టౌన్ పిల్లల బేస్‌బాల్ టీమ్‌కి పాతికేళ్లు నిండాయని, క్యాచర్ల గొప్ప సీజన్లంటూ ఐదు పేర్లు రాసి మొన్న డిన్నర్‌లో గోడకి తగిలించావు. మొదటిది మీ అబ్బాయి తేజేశ్వర్ పేరట. వాడు బంతిని పట్టిందానికంటే దాని వెనకాల పరిగెత్తిందే ఎక్కువ. మా మనవరాలు నైనిక పేరు మాత్రం ఎక్కడా లేదు.

2022లో ఆ పిల్లకి పన్నెండేళ్లు. బొటనవేలు వాచిపోతే ఫ్రీజర్‌లో బఠాణీల ప్యాకెట్ తీసి పెట్టుకుని, మర్నాడు మళ్లీ క్యాచర్ మాస్కు తగిలించుకుని బ్యాటు వెనకాల గొంతుక్కూర్చుంది. కళ్లుగప్పి తర్వాతి బేస్ దొంగిలిద్దామని ఎవడన్నా పరిగెత్తితే బంతి విసిరి అవుట్ చేసేది. నాకు మీ లెక్కలు రావు. అవుటైన ఒక్కొక్కడికి ఒక్కో చింతగింజ సీసాలో వేశాను. ఇరవై మూడు.

నిన్నడిగితే ఏమన్నావు? ఆ ఏడాది స్కోరుబుక్ పోయింది బాబాయ్, రికార్డు లేకుండా ఎలా పెడతాను అన్నావు. పోవడానికి దానికేమన్నా కాళ్లున్నాయా? స్కోరు రాసేవాడివి, ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దూ?

పిల్ల ఆ లిస్టు రెండుసార్లు చదివింది. ఇట్స్ ఓకే తాతా అంది. ఇంటికొచ్చి గ్లవ్ డొనేషన్ బాక్స్‌లో పడేసింది. సోమవారం హైస్కూల్ టీమ్‌కి పిల్లల్ని ఎంచుకునే ట్రయౌట్. వెళ్లనంటోంది. వాళ్లమ్మ రాగిణి బతిమాలితే, నేను అంత బాగా ఏం ఆడలేదేమోలే అందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ పిల్లకి తన మీద తనకే అనుమానం పుట్టించినవాణ్ణి నాలుగు తన్నాలనుంది.

కోపంతో,
శేషగిరి

తా.క. ఆ నాలుగూ తన్నాల్సింది నన్నే. ఆ ఏడాది చివరి మ్యాచ్ రోజు నువ్వు పులిహోర మీద పడి ఉండగా స్కోరుబుక్ నా స్వెటర్‌లో దూర్చేశాను. నిన్నో గంట తిప్పలు పెడదామనుకున్నా. నువ్వు కార్ల కింద వెతుకుతుంటే నీ పక్కనే నేనూ వెతికాను. ఇంటికొచ్చి తెరిస్తే పేజీ పేజీలో నైనిక పేరు. ఇంగ్లీషులో నాకు చదవడం వచ్చిన పేరు అదొక్కటే. ఇవ్వబుద్ధి కాలేదు. అప్పటి నుంచీ నా దిండు కిందే ఉంది. ఈ ఉత్తరంతో పాటు సంచిలో పెట్టాను, గింజల సీసా కూడా ఉంది, సరిచూసుకో. గ్లవ్ కూడా బాక్స్‌లోంచి తీసి దాచాను. దాచడం నాకు అలవాటేగా. సోమవారంలోగా ఆ లిస్టులో నైనిక పేరు రాసి, నువ్వే వచ్చి పిల్లకి చెప్పు. పుస్తకం ఎవరి దగ్గర దొరికిందని అడుగుతుంది. నా పేరే చెప్పు. నేనే చెబుదామని రెండుసార్లు ఆ గది తలుపు దాకా వెళ్లి, పాలు తాగుతావా అమ్మా అని అడిగి వచ్చేశాను.