రమీజా చేతుల నూనె

మంగళవారం. మిరపకాయల రోజులు.

కళ్లు ఇంకా మండుతున్నాయి. అక్షరాలు వంకర పోతే పోనీ.

రమీజాని జట్టులోంచి తీసేద్దామనే ఇవాళ గ్రౌండ్‌కి వెళ్లాను. వారం రోజులుగా బంతి ఆ పిల్ల చేతుల్లో నిలవడం లేదు. నాలుగోసారి జారగానే అరిచేశాను. పన్నెండేళ్లు క్లబ్బులకు హ్యాండ్‌బాల్ ఆడాను గానీ, కోచ్‌నై మూడు నెలలే. అరవడమే ముందు వచ్చినట్టుంది.

"చేతులకేం రాసుకొచ్చావే?"

"కొబ్బరినూనె మేడమ్," అంది తల దించుకుని. "పొద్దున్నుంచీ అమ్మతో కాయలకి తొడిమలు తీస్తన్నా. నూనె లేకపోతే చేతులు మండుతయ్యి."

నాకు తెలియనిదా! మా అమ్మ కూడా కల్లంలో కూర్చుని తొడిమలు తీసిన మనిషే. ఊరూరా తిరిగి ఆడుతూ మర్చిపోయాను. ఆ బంతినే తీసుకుని షాట్ వేసి చూపించాను. తర్వాత అదే చేత్తో కళ్ల మీది చెమట తుడుచుకున్నాను. అంతే, నిప్పులు!

"నలపమాకండి మేడమ్!" రమీజా పరిగెత్తుకొచ్చింది. తన క్యారేజీలో మిగిలిన మజ్జిగలో చున్నీ చివర తడిపి నా రెప్పల మీద వేసింది. "నేను చెప్పేదాకా తెరవమాకండి. కూర్చోండక్కడ!"

అచ్చం నా అరుపే. బుద్ధిగా కూర్చున్నాను. నవ్వొచ్చింది కూడా.

జట్టులోనే ఉంటుంది. రేపటి నుంచి మజ్జిగ నేనే పట్టుకెళతాను.

కానీ వారం రోజులుగా పొద్దున్నుంచీ కాయల దగ్గరుంటే, ఆ పిల్ల బడికి ఎప్పుడు వెళ్తున్నట్టు? బంతి గురించి అంత అరిచినదాన్ని, అది మాత్రం అడగలేదు.