మాస్టారు పడిన రోజు

అక్కయ్యకు నమస్కారములు. ఈ నెలతో నా నటన తరగతి ఎత్తివేస్తారన్న బెంగ ఇక వద్దు. మాటలు రాని ఆటిజం పిల్లలకు మూడు నెలలుగా పద్నాలుగు అభినయాలు వరుస తప్పకుండా చూపించాను; ఒక్కరూ అనుకరించలేదు. నిన్న చాప జారి వెల్లకిలా పడ్డాను. ఎప్పుడూ కిటికీ వదలని ఆరేళ్ల పాప వచ్చి, నా పక్కనే అచ్చం అలాగే పడింది! గుమ్మంలో నుంచి చూస్తున్న పెద్ద టీచరుగారు, "అయ్యో మాస్టారూ, దెబ్బ తగిలిందా? సరేగానీ, ఇంకోసారి పడండి!" అన్నారు. పడ్డాను. ఈసారి ముగ్గురు పడ్డారు. తరగతి నిలబడింది.

బావగారు నడుముకు రాసుకునే తైలం ఒక సీసా పంపగలవు. చిన్నదాని పరీక్షలు ఎలా జరిగాయి? బావగారికి నమస్సులు, పిల్లలకు దీవెనలు. అమ్మతో మాత్రం నేను పడ్డానని అనకు. పిల్లలు నన్ను చూసి నేర్చుకుంటున్నారని చెప్పు.

నీ తమ్ముడు