తోలు బెల్టుకు బొట్టు

శనివారం రాత్రి, ట్రుగనీనా

దసరాకి మా కారుకు చేసినట్టే ఈరోజు పక్కింటి కొలిన్ అంకుల్ షెడ్డులో ఉన్న మోటార్ సైకిలుకూ పూజ చేశాను. వందేళ్లు దాటిన బండి. ఆయన నవ్వి, "గో ఆన్ మేట్, షీ నీడ్స్ ఆల్ ద హెల్ప్ షీ కెన్ గెట్" అన్నారు. బొట్టు నిలవాలని కుంకుమను నువ్వుల నూనెలో కలిపి హ్యాండిలుకు, ట్యాంకుకు పెట్టాను. వెనక చక్రాన్ని తిప్పేది అదే కదా అని తోలు బెల్టు పొడవునా కూడా పెట్టాను.

ఇంటికొచ్చి తొలినాటి బండ్ల గురించి చదువుతుంటే ఒక మాట కనబడింది. నూనె తగిలితే తోలు బెల్టు జారుతుందట. తుడిచినా లాభం లేదు, తోలు పీల్చేసుకుంటుంది. బ్రేకు కూడా ఆ బెల్టు తిరిగే రిమ్ము మీదే పట్టాలి. రేపు పొద్దున పాత బండ్ల ర్యాలీలో అంకుల్ దాని మీద కొండ దిగుతారు.

"జస్ట్ టెల్ హిమ్, నాన్నా" అంది అమ్మాయి. చెబితే ఇంకెప్పుడైనా ఆ షెడ్డులోకి రానిస్తారా? మూడుసార్లు మెసేజ్ టైపు చేసి చెరిపేశాను.

జర్మనీలో మొదటి పెట్రోలు మోటార్ సైకిలు చేసినాయన దాని మీద తన కొడుకుని పంపాడట. దారిలో సీటుకు నిప్పంటుకుందట. కొడుకు తిరిగొచ్చేదాకా ఆ తండ్రి ఎలా ఉన్నాడో ఎవరూ రాయలేదు. ఆయన సొంత కొడుకుని ఎక్కించాడు. నేను ఎవరి తండ్రినో ఎక్కిస్తున్నాను.

ఇప్పుడే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వాళ్ళింట్లో లైట్లు ఆర్పేశారు. వెళ్ళి తలుపు కొట్టాలి. చెప్పులు కూడా వేసుకుని, ఇంకా ఇక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.