మబ్బు లేచిన పూట

మంగళవారం, దీపాలు పెట్టాక. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మధ్యాహ్నం కొండల మీద పిడికెడున్న మబ్బు, చూస్తుండగానే పాలు పొంగినట్టు లేచి, ఆకాశమంత ఎత్తున పళ్లెంలా పరుచుకుంది. సముద్రపు గాలి ఆగిపోయింది. నేల వైపు నుంచి చల్లగాలి ఎదురుకొట్టింది. ఎన్నేళ్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

అంత మబ్బు కింద నా కొడుకు అప్పన్న చేపల వేటకి తెప్ప తోస్తున్నాడు. విధవ ఎక్కిన తెప్ప ఆ రోజు వేటకి పోకూడదంటారు మావాళ్లు. అందుకే ఎక్కి కూర్చున్నాను.

"ఓలమ్మా, దిగు! నలుగురిలో పరువు తీస్తన్నావు!"

"దిగనురా. అపశకునాన్నే. తొయ్యి, సూద్దాం!"

వాడు తెప్ప తొయ్యలేక ఒడ్డునే ఉండిపోయాడు. కాసేపటికే పిడుగులు నీళ్లమీద పడ్డాయి. సముద్రం తెల్లగా వెలిగింది. నోరు తెరుచుకుని చూశాను.

తప్పు చేశానంటే ఒప్పుకోను. అప్పన్న నన్ను తిట్టుకుంటూ గుమ్మంలో అన్నం తింటున్నాడు. తిట్టనీ. ఆ గొంతు వినపడుతోంది కదా…