పచ్చ వైరు

జూన్ 10, మంగళవారం

ఆయన కరకంబాడి రోడ్డులో బండి జారి పడినాడు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉండాలంట. తలకేమీ కాలేదు, అదే చాలు.

జూన్ 11

మా ఇంటి ముందుగదే ఆయన రిపేరు షాపు. సెల్‌ఫోన్లు, మిక్సీలు, ఈ మధ్య జయరావు సార్ ఇంజన్లు కూడా. బొమ్మ ఇంజన్లు అంటే సార్‌కు కోపం. మోడల్ అనాల. రేణిగుంటలో లోకో పైలట్‌గా చేసి రిటైరైనాడు. ఆ ఇంజన్ అరచేతిలో ఇమిడిపోతాది. దాని లోపల డీకోడర్ అని గోరంత ముక్క పెడితే ఇంజన్‌కు ఒక నంబరు వస్తాది. ఒకే పట్టాల మీద ఎన్ని ఇంజన్లున్నా, ఆ నంబరు నొక్కి పిలిస్తే అదొక్కటే పలుకుతాది.

ఈసారి సార్‌కు కేబిన్‌లో లైటు కూడా కావాలంట. ఇరవై రెండో తేదీ ఆదివారం రేణిగుంట మండపంలో మోడల్ రైళ్ళ వాళ్ళంతా కలుస్తారు. ఆడ నడపాల.

ఇంజన్ వెనక్కి తీసుకుపొమ్మని సార్‌కు చెప్పేదానికి ఆయన ఎడమచేత్తో ఫోన్ తీసినాడు. నేను చేస్తా అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలీదు. ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసినాడు. పెళ్ళికి ముందు శ్రీసిటీ కంపెనీలో బోర్డులకు సాల్డరింగ్ చేసినాను గదా అన్నాను. అది వేరే రూపా, ఇది వెంట్రుకంత వైరు, అన్నాడు. అత్త చేటలో బియ్యం ఏరతా, ఎనిమిదో క్లాసు చదివిన పిల్ల రైలింజన్ చేస్తాదంట, రేపు రైలు కూడా నడుపుతాదేమో, అనింది.

ఫోన్ మాత్రం చేయలేదు.

జూన్ 13

లైటు గసగసాల గింజంత ఉండాది. ఊపిరి బిగబట్టి పట్టకారుతో ఎత్తినాను. తుమ్మొచ్చింది. లైటు పోయింది. అత్త కూడా వంగి వెతికింది. దొరకలేదు. మంచిదానివే, మా అందరిచేతా సాష్టాంగం చేయించినావు, అనింది.

ఇంకోటి ఉండాది. ముక్కుకు చున్నీ కట్టుకొని చేసినాను.

జూన్ 15

మోటరు ఇంజన్ ఒంటికి యాడా తగలకూడదు. తగిలితే డీకోడర్ కాలిపోతాది. టేపు చుట్టి, మీటరు పెట్టి చూసినాను. మళ్ళీ చూసినాను. ఆయన కూడా చూసి, ఊ అన్నాడు. ఆయన ఊ అంటే బాగుండాదని.

జూన్ 17

కేబిన్‌లో డ్రైవర్‌ను కూర్చోబెట్టినాను. బియ్యపుగింజ అంతే ఉంటాడు. నీలం చొక్కా వేసినాను.

జూన్ 19

ఆయన కట్టు చూపించుకొనేదానికి ఆసుపత్రికి పోయినాడు. చివరికి రెండు వైర్లు మిగిలినాయి. ఏది దేనికని ఫోన్ చేసినాను. పచ్చది కేబిన్ లైటుకు, ఇంకోటి వెనకలైటుకు అన్నాడు. పక్కన నర్సు పేరు పిలుస్తా ఉండాది, పెట్టేసినాడు.

అట్లే కలిపినాను. నడిపి చూసేదానికి కంట్రోలర్ మా దగ్గర లేదు, సార్ దగ్గరే ఉండాది. బ్యాటరీ పెట్టి చూస్తే లైట్లన్నీ వెలిగినాయి. మూత వేసినాను.

జూన్ 20

సార్ వచ్చి ఇంజన్ తీసుకున్నాడు. నేను వంటింటి కర్టెన్ వెనక నిలబడినాను. శేఖరా, కట్టుతో ఇంత నీటుగా ఎట్లా చేసినావప్పా, అన్నాడు. ఏదో, అట్లా అయింది సార్, అన్నాడు ఆయన.

సార్ పోయినాక ఆయనే అన్నాడు, నువ్వు చేసినావంటే సార్ భయపడతాడు, ఆదివారం అయిపోనీ, అప్పుడు చెప్తాం అని. అన్నం పెట్టినాను. నేను తినలేదు. చేయి బాగైతే షాపులో ఆ కుర్చీ మళ్ళీ ఆయనదే. నేను అందులో కూర్చున్నట్టు అత్తకు తప్ప ఎవరికీ తెలీదు.

జూన్ 22, ఆదివారం

ఎట్లా మొదలుపెట్టేది.

ఆయనతో నేనూ పోయినాను. మండపం నిండా బల్లలు, బల్లల మీద పట్టాలు, స్టేషన్లు, చిన్న చిన్న మనుషులు. సార్ అందరికీ చెప్తా ఉన్నాడు: రాత్రి పరుగులో కేబిన్ లైటు వేస్తే అద్దంలో మన మొహమే కనబడుతాదబ్బా, ట్రాకు కనబడదు. ఆగినాకే వేస్తాం. అందుకే దానికి వేరే బటన్ ఉండాల.

ఇంజన్ కదిలింది. ముందులైటు వెలిగింది. స్టేషన్లో ఆపి సార్ కేబిన్ బటన్ నొక్కినాడు. వెనకలైటు వెలిగింది. వెనక్కి నడిపినాడు. కేబిన్‌లో లైటు వెలిగి నా నీలం చొక్కాయన కనబడినాడు.

లావుపాటాయన ఒకరు, మీ డ్రైవర్ వెనక్కి పోయేటప్పుడే మేలుకుంటాడు జయరావూ, ముందుకు పోతే నిద్రే, అన్నాడు. అందరూ నవ్వినారు. సార్ నవ్వలేదు.

ఆయన మొహం ఎర్రగా అయింది. పచ్చది కేబిన్‌కు అని చెప్పితినే, అని నా చెవిలో అన్నాడు. పచ్చదే కలిపినాను అన్నాను. ఏ పచ్చ అన్నాడు. పసుపుపచ్చ అన్నాను. తల పట్టుకున్నాడు. ఆయన నగరిలో పుట్టినాడు. వాళ్ళింట్లో అరవం సగం, పచ్చ అంటే ఆకు రంగే. మా ఏర్పేడులో మా అమ్మ పసుపు చీరను పచ్చచీర అంటాది. పెళ్ళయి రెండేండ్లయినా ఈ మాట మాకు యాడా తగల్లేదు.

ఆయన ముందుకు పోయి, నాదే తప్పు సార్, అన్నాడు.

ఆయన కాదు సార్, నేను కలిపినాను. మొత్తం నేనే చేసినాను, అన్నాను.

అంతమంది మగవాళ్ళలో నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఎవరూ నవ్వలేదు. సార్ ఆయన కట్టు చూసినాడు, నన్ను చూసినాడు. మళ్ళీ విప్పగలవామ్మా, అని అడిగినాడు.

ఒకాయన, విప్పేదెందుకు, కంట్రోలర్‌లో సెట్టింగు మారిస్తే సరిపోతాది, అన్నాడు. సరిపోతాదేమో. నా పని సక్కగా ఉండాల. విప్పినాను. మా సంచిలోంచి ఆయన సాల్డరింగ్ ఐరన్ తీసి ఇచ్చినాడు. ఎడమచేత్తో ఫోన్ లైటు పట్టినాడు. చుట్టూ తలకాయలు. ఊపిరి తగలకుండా అందరూ అటు జరగండప్పా, అన్నాడు సార్. జరిగినారు.

ఇంజన్ స్టేషన్లో ఆగింది. బటన్ నువ్వే నొక్కమ్మా, అన్నాడు సార్. నొక్కినాను.

కేబిన్‌లో లైటు.

లావుపాటాయన వంగి చాలాసేపు చూసినాడు. డ్రైవర్‌కు మీసం కూడా పెట్టినావే, అన్నాడు. అవును, పెట్టినాను. ఇంట్లో ఎవరూ చూడలేదు.

జూన్ 23

అత్తకు ఆయనే చెప్పినాడు, మొత్తం, సగం కల్పించి. నేను పప్పు తిరగమాత వేస్తా విన్నాను. రెండుసార్లు చెప్పించుకునింది.

జూలై 22

కట్టు విప్పినారు. వేళ్ళు బాగా ఆడుతుండాయి. లావుపాటాయన ఇంజన్ బల్ల మీద సగం విప్పి ఉండాది. లేచి కుర్చీ ఇవ్వబోయినాను. ఆయన లోపలికి పోయి టీ పెట్టి తెచ్చినాడు. నా రెండు చేతులూ పనిలో ఉండాయి. ఆడ పెట్టండి, అన్నాను, తలెత్తకుండా.

పెట్టినాడు.