ముత్యం బావ పంపిన పేరు

కోరుట్ల

ఊర్మిలక్కా,

బావ సంకేతాలు పంపే హామ్ రేడియో మాటెత్తగానే ఫోన్ పెట్టేస్తున్నావు. అందుకే మీ సిరిసిల్ల బస్సెక్కుతున్న మా పక్కింటి కల్యాణి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఇది చదివేదాకా పాత సామాన్లు కొనేవాణ్ణి ఇంట్లోకి రానివ్వకు.

"మాట వడిపోయిన మనిషికి గా డబ్బా ఎందుకే? అమ్మేస్త" అన్నావు. పక్షవాతం వచ్చాక బావ ఊరికే దాని ముందు కూర్చుంటున్నాడని నీ లెక్క. కానీ బావ ఎడమ చేత్తో, చుక్కలు గీతలుగా అక్షరాలు పంపే మోర్స్ మీట నొక్కుతున్నాడక్కా. చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరానికి నిమిషాలు పట్టేంత నెమ్మదిగా. ఇక్కడ నా రేడియోలో చెవికి వట్టి గరగరే. నేను కంప్యూటర్‌లో కొత్తగా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ సన్నటి సంకేతాన్ని పట్టి తెర మీద గీతలుగా చూపిస్తుంది.

నిన్న తెర ముందు నుంచి లేవలేకపోయాను, పొయ్యి మీద అన్నం మాడింది. మోర్స్ నేర్పింది బావే కదా, నన్నే పిలుస్తున్నాడనుకున్నాను. అక్షరాలు కలిపితే వచ్చింది నీ పేరు. ఊర్మిల. మళ్లీ మళ్లీ అదే.

పక్కన కూర్చున్న నిన్ను పిలవడానికి బావకు ఇంకో దారి లేదు.

పొద్దుటి నుంచి తెర మీద ఒక్క గీతా రావడం లేదు. డబ్బా ఇంట్లోనే ఉంది కదా, అక్కా?

నీ చెల్లె